స్వీటీ జడ ఎంత పొడుగు?

మంగళవారం నాడు కటింగ్ షాపు తెరవరని హైదరాబాద్‌ల పుట్టిన పిల్లికి కూడ తెల్సు. ఆ మంగళవారం వచ్చిన పిల్లకు తెల్వదో, తెల్సినా లెక్కలేదో గని, సగం దింపిన షటర్ మీద గొడుగు కర్రతోని టకటక కొట్టుడు షురూ చేసింది.

లోపల శ్రవణ్‌కుమార్ ట్రిమ్మర్లకు నూనె వేస్తున్నడు. సైదాబాద్ రోడ్డు మీద ఆ షాపు వాళ్ల నాయిన పెంటయ్య పెట్టింది. కొడుకు వచ్చినంక అద్దాలు మారినయ్, కుర్చీలు మారినయ్, ఆడోళ్లకు పక్కన కర్టెన్ కట్టిన జాగ వచ్చింది. మారనిది ఒక్కటే, మంగళవారం సెలవు. పెంటయ్య ఆ రోజు కత్తెర ముట్టడు, ముట్టనియ్యడు. అయినా ఇంట్ల పొద్దుపోదని షాపుకొచ్చి బెంచీ మీద పేపర్ చదువుతడు.

"బంద్ ఉంది!" అని శ్రవణ్ లోపట్నించే ఒర్రిండు.

"బంద్ ఉంటే నువ్వు లోపల ఏం చేస్తున్నవ్?"

"కూసున్న!"

"నేను కూడ కూసుంట. తెరువ్!"

పెంటయ్య పేపర్ మీదికెళ్లి కొడుకు దిక్కు చూసిండు. "తెరువు రా. లేకుంటే షటర్‌కు బొక్క పడ్తది."

షటర్ లేచింది. బయట ఇరవై నాలుగు, ఇరవై అయిదేండ్ల పిల్ల. ఒక చేతిల గొడుగు, మెడల ఒక డయాగ్నొస్టిక్ సెంటర్ ఐడీ కార్డు. దాని మీద పేరు స్వీటీ అని ఉంది గని, మొఖం చూస్తే మిరపకాయ అని రాస్తే బాగుండు అనిపించింది శ్రవణ్‌కు.

"రీబాండింగ్ చేయాలె. జుట్టు సాఫీగ కావాలె, ఆదివారం లోపల," అన్నది, నమస్తే లేదు, ఏం లేదు. అని, తలకు చుట్టిన చున్నీ తీసింది.

అబ్బా! జుట్టు ఒక్కసారి నాలుగు దిక్కులా లేచి నిలవడ్డది. మామూలు ఉంగరాల జుట్టు కాదది. అగ్గిపుల్లకు చుట్టి తీసినంత సన్న సన్న రింగులు, వేల రింగులు, ఒకదాన్నొకటి పట్టుకుని చెవుల దాక వచ్చి ఆగినయ్.

శ్రవణ్ నోరు తెరిచిండు, మూసుడు మర్చిపోయిండు.

"ఏంది? ఎన్నడు చూడలేదా?" అన్నది స్వీటీ. ఆ మాట చిన్నప్పటి సంది మస్తుసార్లు అని అని అరిగిపోయిన గొంతుతోని అన్నది. "మా అమ్మ వాళ్ల అమ్మమ్మ తండ్రి నిజాం గుర్రాల ఫౌజుల ఆఫ్రికా సిపాయి. ఆయన పోయిండు, గుర్రం పోయింది, జుట్టు నాకొచ్చింది. చాలా? ఇంకేమన్న అడుగుతవా?"

"చూసిన మేడం. మూడేండ్లు టోలీచౌకి దిక్కు ఒక సెలూన్‌ల చేసిన. ఆఫ్రికా నుంచి చదువుకోను వచ్చిన పిల్లలు వస్తుండిరి. గిట్లాంటి జుట్టు మస్తు చూసిన. గందుకే భయపడుతున్న."

"భయమా? తలల పాములున్నయా?"

"ఈ వెంట్రుక చూస్తానికి గట్టిగ ఉంటది, కానీ అన్నిట్లకన్న నాజూకు గిదే. మెలిక ఉన్న ప్రతి కాడ బలం తక్కువ. ముందుగాల ఏమన్న మందు పెట్టిన్రా? కలర్, క్రీము?"

"ఏం లేదు. ఎన్నడు ఏం పెట్టలే."

"మెహందీ?"

"మెహందీ మందెట్లయితది? మా అమ్మ నెలకోసారి పెడ్తది. కాలీ మెహందీ, నల్లది. మార్కెట్ల లూజ్ అమ్ముతరు గద."

ఇగో, ఇదే మన దిక్కోళ్ల గమ్మత్తు. నెలకోసారి తలంత నల్లగ పట్టించుకుంటరు, ఏం పెట్టిన్రు అని అడిగితే ఏం లేదంటరు. మెహందీ లెక్కకు రాదు. అది పండుగకు, పెళ్లికి, తలనొప్పికి, అన్నిటికి పనికొచ్చేది, దాన్ని మందంటే ఎట్ల? ఉత్త ఆకు పొడి అయితే ఫికర్ లేదు. నల్లగ కావాలని దాంట్ల ఏం కలుపుతరో అమ్మేటోనికే సరిగ తెల్వదు.

"ఒక్క నిమిషం కూసోండ్రి. టెస్టు చేద్దాం. నాలుగు వెంట్రుకలు కావాలె," అని శ్రవణ్ కత్తెర దిక్కు చెయ్యి చాపిండు.

"రేయ్! ఇయ్యాల మంగళవారం!" పెంటయ్య పేపర్ కింద పడేసిండు.

"నాలుగు వెంట్రుకలే బాపూ!"

"నాలుగైనా నలభై వేలైనా కత్తెర కత్తెరనే."

స్వీటీ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, బ్యాగులకెళ్లి తన దువ్వెన తీసింది. దాంట్ల చిక్కుకున్న వెంట్రుకలు పీకి శ్రవణ్ చేతిల పెట్టింది. "తీస్కో. లొల్లి ఖతం."

శ్రవణ్ చిన్న గాజు గిన్నెల పెరాక్సైడ్ పోసిండు, దాంట్ల అమ్మోనియా చుక్కలు వేసిండు, వెంట్రుకలు ముంచిండు. ఊకె జరసేపు చూసిన్రు. తర్వాత బుడగలు లేచినయ్. ఇంకా జరసేపటికి గిన్నె చాయ్ లెక్క పొంగింది, వాసన గుప్పుమన్నది. బయట నుంచి గిన్నెను ముట్టుకుంటే వేడి. శ్రవణ్ చిమ్టాతోని వెంట్రుక తీసి లాగిండు. అది వెంట్రుక లెక్క తెగలే, మెత్తగ సాగి, చిదిమిపోయింది.

"మీ మెహందీల ఏదో లోహం ఉంది. రీబాండింగ్ మందు పెడితే మీ తల మీద ఇదే అయితది," అన్నడు.

స్వీటీ గిన్నె దిక్కు చూసింది. "మరి ఎప్పుడు చేయొచ్చు?"

"మెహందీ తగిలిన జుట్టంత పెరిగి, కత్తిరించి పోవాలె. రెండేండ్లు అనుకోండ్రి."

"నాకు అయిదు రోజులు కూడ లెవ్వు!" ఆమె లేచింది. కండ్లల్ల నీళ్లు, గొంతుల కోపం. "నీకు చేతకాదని చెప్పరాదు! సంతోష్‌నగర్‌ల కొత్త పార్లర్ పడ్డది. మూడు గంటల్ల చేస్తరంట. గిన్నెలు, చుక్కలు ఏం లేకుండ!"

"మేడం, వద్దు, నా మాట..."

గొడుగు అప్పటికే రోడ్డు దాటింది.

శ్రవణ్‌కు రెండు రోజులు అన్నం సయించలే. టోలీచౌకిల పనికి చేరిన కొత్తల అతను ఒక పిల్ల తలకు మందు అయిదు నిమిషాలు ఎక్కువ ఉంచిండు. కడుగుతుంటే జుట్టు కుచ్చులు కుచ్చులుగ చేతిలకొచ్చింది. ఆ పిల్ల తిట్టలే, ఏడవలే, అద్దంల తనను తాను చూస్కుంట అట్లనే కూసుంది. ఆ మొఖం శ్రవణ్‌కు ఇప్పటికీ యాదికొస్తది. ఇప్పుడు ఆ జాగల స్వీటీ మొఖం వచ్చి కూసుంటున్నది. బుధవారం సంతోష్‌నగర్ దాక బండేసుకుని పోయి, పార్లర్ ఎక్కడుందో తెల్వక, తెల్సినా ఏమని లోపలికి పోవాలె అనుకుని, వాపస్ వచ్చిండు.

గురువారం సాయంత్రం వాన దంచుతున్నది. ఒకాయన గడ్డానికి నురగ పెట్టి శ్రవణ్ తల లేపిండు. షాపు ముందర స్వీటీ! తల మీద నుంచి నీళ్లు కారుతున్నయ్, కానీ ప్రతి రింగు తన జాగల తను ఉంది. మెడ కింద మోకాళ్ల దాక నల్లటి ప్లాస్టిక్ గుడ్డ, వెనక ముడి కూడ విప్పలే. పార్లర్లల్ల జుట్టుకు మందు పెట్టేటప్పుడు కప్పుతరే, అది.

"పెట్టనియ్యలే," అన్నది ఆయాసపడుకుంట. "పార్లరామె బ్రష్ మందుల ముంచింది. నేనన్న, ముందుగాల నాలుగు వెంట్రుకల మీద చూడరాదా అని. నవ్వింది. కంపెనీ మాల్ మేడం, టెస్టులు గిస్టులు ఉండయ్ అన్నది. ఏయ్, నేను రోజుకు నలభై మందికి సూది పొడిచి రక్తం తీస్త. దేనికి? టెస్టుకు! టెస్టు వద్దనేటోళ్ల చేతికి నా తల ఇస్తనా? లేచి ఉరికొచ్చిన."

"మరి ఈ కేప్?"

"బస్టాపుల అందరు నన్నే చూస్తుంటే గప్పుడు తెల్సింది," అని కిందికి చూస్కుని, ఆపుకోలేక ఫక్కున నవ్వింది. శ్రవణ్ నవ్విండు. నురగ పెట్టించుకున్నాయన కూడ నవ్విండు, నురగ నోట్లకు పోయింది.

పెంటయ్య లేచి కేప్ ముడి విప్పి, దులిపి, మడత పెట్టిండు. "రేపు నేను వాపస్ ఇచ్చొస్త బిడ్డా. దొంగసొమ్ము మనకెందుకు," అన్నడు.

"సారీ," అన్నది స్వీటీ శ్రవణ్‌తోని. "మంగళవారం మస్తు ఒర్రిన."

"ఒర్రింది ఏం లేదు. షటర్‌కు మాత్రం జర సొట్ట పడ్డది."

"ఏయ్!"

"ఇనండ్రి. మందు లేకుండ సాఫీ చేయొచ్చు. ఉత్త వేడితోని. కానీ నీళ్లు తగిలితే మల్ల రింగులే."

"నాకు ఆదివారం ఒక్క పూట చాలు."

"ఆరు గంటలు పడ్తది."

"ఆరు గంటలా? నా తల మీద మెట్రో లైన్ వేస్తవా?"

"తొందరగ చేస్తే కాలుతది. కాలిన వెంట్రుక నీళ్లు పోసినా మల్ల రింగు కాదు, గట్లనే సచ్చిపోతది. శనివారం మాకు గిరాకీ తక్కువ, పొద్దుగాలనే రాండ్రి."

శనివారం పది గంటలకు వచ్చింది. కర్టెన్ ఇవతల పెంటయ్య బెంచీ మీద కూసున్నడు. ఒంటరిగ ఆడపిల్ల వచ్చింది, నేను ఈడనే ఉంట అని కొడుకుతోని ముందే చెప్పిండు. కర్టెన్ మాత్రం పూర్తిగ తెరిచే ఉంచిన్రు.

ముందు తల కడిగి, కండిషనర్ దట్టంగ పట్టించి, పెద్ద పండ్ల దువ్వెనతోని చిక్కు తీసుడు. కొసల నుంచి షురూ చేసి మొదళ్ల దాక. ఒక్క చోట చిక్కు తగిలినా శ్రవణ్ లాగలే, వేళ్లతోని విడదీసిండు. స్వీటీ కండ్లు గట్టిగ మూసుకుని కుర్చీ చేతులు పట్టుకుంది.

"ఎందుకు గట్ల బిగుసుకున్నవ్? నొస్తుందా?"

"లేదు. నొస్తదని చూస్తున్న. చిన్నప్పటి సంది నా తల దువ్విన ప్రతి ఒక్కరు నన్ను ఏడిపిచ్చిన్రు."

"నేను ఏడిపియ్య."

మేడం ఎప్పుడు పోయిందో, నువ్వు ఎప్పుడు వచ్చిందో ఇద్దరికీ తెల్వలే.

తడి మొత్తం ఆరినంకనే జుట్టు సాఫీ చేసే ఐరన్ తీసిండు. తడి మీద ఐరన్ పెడితే వెంట్రుక లోపట నీళ్లు ఉడుకుతయ్ అని చెప్పిండు. వేడికి ముందు రాసే క్రీము రాసిండు. ఐరన్ మీద నంబర్ పెద్దగ పెట్టలే, తగ్గించి పెట్టిండు. వేలెడంత పాయ తీసుడు, దువ్వెన ముందు పోవుడు, దాని ఎంబడే ఐరన్ పోవుడు. ఒక్కసారే. రెండోసారి అదే పాయ మీదికి పోలే.

"స్కూల్ల కోలాటం ఆడుతుండె," అన్నది స్వీటీ అద్దంల నుంచి. "అందరికీ జడలు, జడలకు కుచ్చులు. నాకు జడ రాదని లాస్ట్ లైన్ల నిలబెట్టిన్రు. టీచర్ మంచిదే, పాపం, రిబ్బన్ గుండ్రంగ కట్టింది. నాకు గప్పటి సంది ఒక్కటే కోరిక. పొడుగు జడ, జడ నిండ మల్లెపూలు. ఒక్కసారి. నవ్వకు."

"నవ్వలే."

"నవ్వుతున్నవ్, అద్దంల కనిపిస్తుంది."

"సంతోషానికి నవ్వుతున్న. నీకు జడ మస్తు వస్తది. ఆగు, చూస్తవ్."

అట్ల ముచ్చట్లు నడుస్తనే ఉన్నయ్. వాళ్ల నాయిన డానియేలు వాటర్ వర్క్స్‌ల లైన్‌మన్ అని, ఊరంత పైపులు బాగు చేస్తడు గని ఇంట్ల నల్లా కారుతనే ఉంటదని చెప్పింది. శ్రవణ్ తన మొదటి కటింగ్ ముచ్చట చెప్పిండు. పెంటయ్య కూసున్న కాడికెళ్లి, "ఒక దిక్కు మీసం గొరిగిండు!" అని అందిచ్చిండు. సగం తల అయ్యేసరికి మధ్యాహ్నం రెండయింది. బయట వాన పడ్తూ ఆగుతూ, ఆగుతూ పడ్తూ ఉన్నది.

"ఇంతకూ ఆదివారం ఏం ఫంక్షన్?" అని అడిగిండు శ్రవణ్.

"పెళ్లిచూపులు."

"ఎవరికి?"

"నీకు!" అని నవ్వి, అద్దంల అతని మొఖం చూసి నవ్వు ఆపింది. "నాకే. ఉప్పల్ వాళ్లు వస్తున్నరు."

శ్రవణ్ చేసిన మొట్టమొదటి పని, ఐరన్ జుట్టు నుంచి దూరం జరిపిండు. గుండెకు ఏమన్న కానీ, వెంట్రుక కాలొద్దు. జరిపి, దాన్ని గాలిల అట్లనే పట్టుకుని నిలవడ్డడు. ఎంతసేపు నిలవడ్డడో అతనికి తెల్వదు.

"పోయినేడు ఒక సంబంధం వచ్చింది," అన్నది స్వీటీ మెల్లగ. "ఫొటోల తలకు చున్నీ ఉండె. ఇంటికొచ్చి చూసి, జుట్టు ముచ్చట ముందుగాల చెప్పలే అన్నరు. పెద్ద రోగం దాచినట్టు. అమ్మ మంచం పట్టింది. నేను తిరిగి మాట అంటుంటి, గని అమ్మ మొఖం చూసి ఊకున్న. ఈసారి మా అమ్మ ఆ మాట పడొద్దు. అంతే."

"పడదు," అన్నడు శ్రవణ్. తర్వాతి పాయ తీసుకున్నడు. నాలుగు గంటల సంది ఏం కోరుకుంటున్నడో అతనికి అప్పుడే తెల్సింది, అదే నిమిషంల అది చేజారింది కూడ. పని మాత్రం ఇంకా నిదానంగ, ఇంకా శ్రద్ధగ చేసిండు. తన జిందగీల గంత మంచిగ ఏ తలా చేయలే.

ఆరు గంటలు కాదు, ఆరున్నర పట్టింది. కుర్చీ తిప్పి, వెనక ఇంకో అద్దం పట్టిండు.

చెవుల దాకే ఉందనుకున్న జుట్టు నడుము దాక వచ్చింది.

స్వీటీ చెయ్యి వెనక్కి పెట్టి తడిమింది. పైనుంచి కిందికి, మల్ల పైనుంచి కిందికి. "ఇంత ఉండెనా? ఇదంత నా తలలనే ఉండెనా?"

"మొదటి సంది ఉంది. రింగుల్ల దాక్కుంది."

ఆమె కండ్ల నుంచి నీళ్లు కారినయ్, తుడుచుకోలే. పెంటయ్య పేపర్ అడ్డం పెట్టుకున్నడు. శ్రవణ్ మూడు పాయలు తీసి జడ అల్లుడు మొదలుపెట్టిండు, ఎందుకంటే చేతులకు ఏదో ఒక పని ఉండాలె అప్పుడు.

పోయేటప్పుడు జాగ్రత్తలు చెప్పిండు. పండుకునేటప్పుడు సిల్కు గుడ్డ కట్టుకో. వానల తడవకు. వంటింట్ల ఆవిరి కాడికి పోకు. స్వీటీ అన్నిటికీ తలూపింది. గడప కాడ ఆగి, "ఇంకేమన్న చెప్పేదుందా?" అని అడిగింది.

"లేదు. గంతే."

"గంతేనా?"

"గొడుగు మర్చిపోకు."

ఆమె గొడుగు తీస్కుని ఒక్కసారి అతన్ని ఎగాదిగా చూసి పోయింది. "సన్నాసి," అన్నడు పెంటయ్య పేపర్ల నుంచి. ఎవర్నన్నడో పేపర్‌కే తెల్వాలె.

ఆదివారం షాపు కిటకిట. పదకొండు గంటలకు ఫోన్ మోగింది. "నేను స్వీటీ వాళ్ల అమ్మ చంద్రమ్మను మాట్లాడుతున్న. మిర్చి బజ్జీలు వేస్తుంటే పిల్ల వచ్చి పొయ్యి కాడ నిలవడ్డది. ముందర జుట్టంత లేచింది బాబూ! పన్నెండింటికి వాళ్లొస్తరు!"

శ్రవణ్ ఐరన్, దువ్వెన సంచిల వేసుకున్నడు. లైన్ల కూసున్న తొమ్మిది మంది దిక్కు పెంటయ్య చూసిండు, కొడుకు దిక్కు చూసిండు, కత్తెర తను అందుకున్నడు.

మాదన్నపేట మార్కెట్ వెనక రెండు గదుల ఇల్లు. వంటింట్ల స్టూల్ మీద స్వీటీ. లేత పసుప్పచ్చ చీర, నడుము దాక జడ, జడ నిండ మల్లెపూలు. నొసటి మీద మాత్రం చిన్న చిన్న రింగులు సంబరంగ లేచి నిలవడ్డయ్.

"ఆవిరి కాడికి పోవద్దన్న గద?"

"బజ్జీ వాసన వచ్చింది," అన్నది స్వీటీ, తప్పు ఒప్పుకోకుండ.

ముందర జుట్టు సరిచేసుడు అయిందో లేదో ఉప్పల్ వాళ్లు దిగిన్రు. తల్లి, కొడుకు. చంద్రమ్మ బిడ్డను ముందరి గదిలకు తోల్కపోయింది. బయటికి పోవాలంటే ఆ గదిలకెళ్లే పోవాలె, కాబట్టి శ్రవణ్ వంటింట్ల బజ్జీల పక్కన ఇరుక్కుపోయిండు. కర్టెన్ వెనక నుంచి ప్రతి మాటా వినవడ్తనే ఉంది.

"జడ సొంతమేనా అమ్మా?" పిలగాని తల్లి అడిగింది. మంచి గొంతే, కోపం లేదు దాంట్ల.

"సొంతమే!" అన్నది చంద్రమ్మ. ఆ గర్వం వింటే శ్రవణ్‌కు కడుపు నిండింది.

"సొంతమే ఆంటీ. కానీ సాఫీ చేయించిన," అన్నది స్వీటీ. "నీళ్లు పడితే రింగులు అయితది. అసలు నా జుట్టు గదే."

పిలగాని తల్లి జడను మల్లొకసారి చూసింది.

"దాందేముంది, పర్మనెంట్‌గ చేయించుకుంటే అయిపాయె," అన్నది ఆమె. "మావోడు బ్యాంకుల పని చేస్తడు, నలుగుర్ల తిరగాలె. చేయించొచ్చు గద?"

డానియేలు సీదా మనిషి. "చేసిన పిలగాడు ఈడనే ఉన్నడమ్మా, వాన్నే అడుగుదాం. శ్రవణూ!"

శ్రవణ్ చేతిల దువ్వెనతోనే కర్టెన్ జరిపి వచ్చిండు. అందరి కండ్లు అతని మీదనే. చంద్రమ్మ కండ్లయితే బతిమాలుతున్నయ్. చేయొచ్చు అని ఒక్క మాటంటే సంబంధం కుదురుతది. స్వీటీ మాత్రం నేల దిక్కు చూస్కుంట కూసుంది.

"ఇప్పుడు చేయొద్దమ్మా. తలల కాలీ మెహందీ ఉంది, మందు పెడితే జుట్టు ఊడుతది," అన్నడు. "రెండేండ్లు ఆగితే చేయొచ్చు. అప్పుడు కూడ ముందు టెస్టు చేసి, మాడుకు వ్యాజిలీన్ రాసి, గడియారం చూస్కుంట చేయాలె. మల్ల రెండు మూడు నెలలకోసారి కొత్తగ వచ్చిన మొదళ్లకు మాత్రమే. జర అటిటైతే మాడు కాలుతది. తెల్సినోళ్లు చేస్తే ఖరాబ్ కాదు."

"అయితే రెండేండ్లకు నువ్వే చేస్తవ్ గద బాబూ?"

"ఆమె అడిగితే చేస్త. మీరు అడిగితే చేయ."

పిలగాడు ఇంతసేపటికి నోరు తెరిచిండు. మంచోడే. "మీకు ఇష్టమేనా?" అని స్వీటీనే అడిగిండు.

"పండుగకు, పెళ్లికి జడ వేసుకునుడు నాకు మస్తు ఇష్టమండీ," అన్నది స్వీటీ. "ఇయ్యాల వేసుకున్న గద, ఎంత సంతోషంగ ఉందో చెప్పలేను. కానీ రోజూ నా తల నా లెక్కనే ఉండాలె."

తల్లీ కొడుకులు ఒకల్ల మొఖం ఒకలు చూస్కున్నరు. "ఇంటికి పోయి మాట్లాడుకుని చెప్తం," అన్నది ఆమె. ఆ మాటకు అర్థమేందో చెప్పాల్సిన పని లేదు. ముందర పెట్టిన ప్లేట్లల్ల బజ్జీలు అట్లనే ఉన్నయ్.

వాళ్ల ఆటో మలుపు తిరిగిందో లేదో చంద్రమ్మ అందుకుంది. "ఏం బాబూ, అబద్ధమాడమన్ననా? చేయొచ్చు అని అక్కడికి ఆపితే నీ సొమ్మేం పోయె? నిన్ను నమ్మి ఇంట్లకు పిలిస్తిమి!"

శ్రవణ్ తల వంచుకున్నడు. పోదామని సంచి తీసుకున్నడు. మల్ల కింద పెట్టిండు.

"అమ్మా, నేను చెప్పింది నిజమే," అన్నడు. "కానీ ఇంకోటి చెప్పకుంటే తప్పయితది. ఆ నిజం చెప్పేటప్పుడు నాకు లోపట సంతోషమైంది. మీ సంబంధం చెడుతుంటే నాకు సంతోషమైంది. గది మాత్రం తప్పే. తిట్టుండ్రి."

"సంతోషమెందుకయ్యా?" చంద్రమ్మకు అర్థం కాలే.

డానియేలు దగ్గిండు.

"అమ్మా, నీకింకా సమజ్ కాలే?" స్వీటీ చీర కొంగు వేలికి చుట్టుకుంట అన్నది. "నాకు నిన్ననే అయింది. పెళ్లిచూపులు అనంగనే ఐరన్ పట్టుకుని బొమ్మ లెక్క నిలవడ్డడు. నోరు తెరుస్తడేమో అని గడప కాడ కూడ ఆగిన. గొడుగు మర్చిపోకు అన్నడు!"

"నువ్వు... ఆగినవా?" అన్నడు శ్రవణ్.

"మరి? పొయ్యి కాడికి ఎందుకు పోయిన అనుకున్నవ్, బజ్జీల కోసమా?"

శ్రవణ్ చేతిల దువ్వెన పక్కకు పెట్టిండు. నిన్న దాచుకున్నదంత ఇప్పుడు ఇంట్ల అందరి ముందర చెప్పాల్సి వచ్చింది. "స్వీటీ, నాకు నువ్వంటే ఇష్టం. రింగులున్నా, జడ ఉన్నా. నన్ను చేసుకుంటవా?"

"చేసుకుంట," అన్నది స్వీటీ, గొడుగుతోని షటర్ కొట్టినంత గట్టిగ.

"ఆగుండ్రి, ఆగుండ్రి," డానియేలు చెయ్యి లేపిండు. "మేం చర్చికి పోయేటోళ్లం. మీ నాయిన ఏమంటడు?"

శ్రవణ్ ఫోన్ కలిపి స్పీకర్‌ల పెట్టిండు. అవతల కత్తెర సప్పుడు.

"ఏడున్నవ్ రా? గిరాకీ రోడ్డు దాక నిలవడ్డది!"

"పెళ్లిచూపులల్ల ఉన్న బాపూ."

"ఎవరియి?"

"నాయే అనుకుంట."

కత్తెర సప్పుడు ఆగింది. "కేప్ పిల్లనా?"

"ఆ. వాళ్లు చర్చికి పోతరు బాపూ."

"పోనీ. ఆదివారం మనకు గిరాకీ ఉంటది, ఎట్లైనా గుడికి పోయేదే మంగళవారం. ఇద్దరికి ఇద్దరు దేవుండ్లు ఉంటే మంచిదే," అన్నడు పెంటయ్య. "నిమ్మలంగ రా. గడ్డాలు నేను చూస్కుంట. ఆ బిడ్డ వాళ్ల అమ్మానాయినలకు నా నమస్తే చెప్పు, సాయంత్రం నేనొస్త."

డానియేలు నవ్విండు. స్వీటీ మొఖమంత నవ్వే. ఇగ చంద్రమ్మ ఒక్కతే మిగిలింది. ఆమె నవ్వలే. శ్రవణ్‌కు ఎదురుగ వచ్చి నిలవడ్డది.

"అన్నీ మంచిగనే ఉన్నయ్. కానీ రేపు పెళ్లిల మీ చుట్టపోళ్లు వస్తరు. పిల్ల జుట్టు గిట్లుందేంది, ముందుగాల చెప్పలే అని ఎవరో ఒకరు అంటరు. ఇంకోసారి ఆ మాట పడే ఓపిక నాకు లేదు బాబూ. గప్పుడు ఏమంటవ్?"

శ్రవణ్ తడుముకోలే. "అమ్మా, మా చుట్టపోళ్లంత జుట్టు పని చేసేటోళ్లే. మా పెదనాయిన, మా మేనమామ, ఏడుగురు అన్నదమ్ములు, అందరు. గిట్లాంటి జుట్టు చూస్తే వాళ్లు మాటలనరు. ముందుగాల చేతులు కడుక్కుని వచ్చి, ఒక్కసారి ముట్టుకోవచ్చా బిడ్డా అని అడుగుతరు."

చంద్రమ్మ అతని మొఖంలకు చూసింది. కొంగు నడుముకు చెక్కుకుని వంటింట్లకు పోయింది. నూనె సప్పుడు మొదలైంది, మల్ల ఆవిరి లేచింది. స్వీటీ వద్దన్నా వినకుండ పోయి తల్లి పక్కన నిలవడ్డది. నొసటి మీది రింగులు ఒకటొకటి లేస్తున్నయ్, ఎవ్వరు ఆమెను పక్కకు జరగమనలే.

ఉప్పల్ వాళ్లు వదిలిన ప్లేట్లు పక్కకు పెట్టి, చంద్రమ్మ కొత్త ప్లేటు నిండ వేడి వేడి బజ్జీలు తెచ్చి శ్రవణ్ ముందర పెట్టింది.

"పోయి చేతులు కడుక్కుని రా బిడ్డా," అన్నది.